మేడిపండులోని పురుగు

మేడిపండును గూర్చి వేమన చెప్పిన పద్యమును నేర్వని తెలుగు బాలుడుగాని బాలికగాని యుండుట అరుదు. పైకి చక్కగా కనబడు ఆ పండు లోపల పురుగులతో నిండియుండునట్లు, పైకి ధైర్యము చూపు పిరికివాని మనస్సును ఉండునని దాని భావము. మేము ఉపాధ్యాయ శిక్షణ ముగించి ఈ వృత్తిలో ప్రవేశించిన నాటినుండి ఏటేట ఈ పద్యమును తరగతిలో చెప్పుచునే యున్నాము. పద్యము చదివించుట, ప్రతిపదార్థము వ్రాయించుట, భావము అప్పగింపించుకొనుట, తరువాతి పద్యమునకు పోవుట, ఇదియే మా పద్ధతి.

గత సంవత్సరము ఆఱవ తరగతిలో ఈ పద్యము జరుగుచుండగా ఒక బాలుడు లేచి నిలువబడెను. వాని తండ్రి గూడూరు చెంత ఒక నిమ్మతోటకు కాపలాదారు. “అయ్యా, మా తోటలో నిమ్మకాయను పురుగు తొలిచినయెడల బెజ్జము కనబడును. మేడికాయకు బెజ్జము కనబడదే. మఱి పురుగు లోపలికి ఎట్లు పోయెను?” అని యడిగెను. తరగతి గొల్లున నవ్వెను. మేము, “ముందు భావము చెప్పుము, బెజ్జము సంగతి తరువాత చూతము” అని వానిని కూర్చుండబెట్టితిమి. నిజమునకు ఆ ప్రశ్నకు సమాధానము మాకు తెలియదు. తెలియదని చెప్పుటకు సిగ్గుపడి బాలుని నోరు మూయించితిమి. ఆ రాత్రి ఆ సంగతి మమ్ము బాధింపగా, మఱునాటినుండి పుస్తకములు వెదకి చదువ నారంభించితిమి. అట్లు తెలిసికొన్నదానిని విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును తెలుపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశ్యము.

కానరాని పూవులు

మేడిచెట్టు పూయగా చూచినవారు లేరని పెద్దలందురు. మనకు పొరుగువారైన అరవవారు, చిరకాలమునకు ఒకమాఱు కనబడు చుట్టమును చూచి “అత్తి పూచినట్లు వచ్చినావు” అని పరిహాసమాడుదురు. అత్తి యనగా మేడియే. పూవు లేక కాయ యెట్లు వచ్చును? మామిడికి పూత లేనిదే కాపు లేదు. నిమ్మకు పూవు లేనిదే కాయ లేదు. మేడికి మాత్రము వేఱు న్యాయము కలదా?

లేదు. మేడికిని పూవులు కలవు. అవి బయట గాక లోపల పూయును. ప్రొద్దుతిరుగుడు పూవును తలచుకొనుడు. మనము ఒక పూవనుకొనునది నిజముగా ఒక పళ్లెముపై వరుసలుగా కూర్చుండిన వందలకొలది చిన్న పూవుల గుంపు. ఆ పళ్లెపు అంచులను పైకి వంచి, సంచిమూతిని త్రాడుతో బిగించినట్లు దగ్గఱకు చేర్చితిమనుకొనుడు. పూవులన్నియు లోపల చిక్కుకొనును. బయట నున్నవానికి గుండ్రని పచ్చని కాయ మాత్రమే కనబడును. మేడికాయ అట్టిదే. అది కాయ కాదు, లోపలికి తిరిగిన పూలగుత్తి. దాని లోపలి గోడ పొడుగున ఆడుపూవులు దట్టముగా నుండును. మూతికి దగ్గఱగా మగపూవులుండును.

ఆ మూతి యెక్కడ? కాయయొక్క కొనను పరికించి చూడుడు. బొడ్డువంటి చిన్న గుంట యొకటి కనబడును. అందు సన్నని పొలుసులు ఒకదానిపై నొకటి పేర్చబడి వాకిలిని మూసియుండును. నిమ్మతోట బాలుడు వెదకిన బెజ్జము ఇదియే. అది పురుగు తొలిచినది కాదు, చెట్టు తానై యుంచినది. మఱ్ఱి, రావి, జువ్వి మొదలగు చెట్లన్నియు ఈ కుటుంబములోనివే. లోకమునందు ఈ జాతులు 750కి పైగా కలవు.

ఇఱుకు వాకిలి

పూవునుండి పూవునకు పుప్పొడిని చేర్చువారు లేనిచో విత్తనము లేదు. ఈ మూసిన యింటిలోని పూవులకు గాలి తగులదు, తేనెటీగ చేరదు. ఈ పని చేయుటకు ఒకే యొక ప్రాణి కలదు. అది కందిరీగల కుటుంబమునకు చెందిన మిక్కిలి చిన్న పురుగు. పొడవు ఇంచుమించు 2 మిల్లీమీటర్లు. మన మేడిచెట్టునకు పనిచేయు దానిని శాస్త్రజ్ఞులు సెరటోసోలెన్ ఫ్యూసిసెప్స్ అని పిలుతురు. మనము సులభముగా మేడియీగ యందము.

లేతకాయలోని ఆడుపూవులు సిద్ధమైనప్పుడు కాయ ఒక వాసనను వెలువరించును. మన ముక్కునకు అది అంతగా తెలియకపోయినను, ఆడు మేడియీగ దానిని దూరమునుండియే గుర్తించి వచ్చి, కాయ కొనయందలి పొలుసులను త్రోచికొని లోపల దూరును. ఆ వాకిలి ఎంత ఇఱుకనగా, దూరునప్పుడు దాని రెక్కలు సాధారణముగా ఊడిపోవును. మీసముల కొనలును తెగిపోవును. అది ఇక బయటికి వచ్చి ఎగురుటకు వీలులేదు. లోపల చీకటిలో అది రెండు పనులు చేయును. తాను పుట్టిన కాయనుండి తెచ్చిన పుప్పొడిని ఆడుపూవులపై ఉంచును. కొన్ని పూవుల అండాశయములలో గ్రుడ్లు పెట్టును. ఈ రెండు పనులు ముగించి అక్కడనే మరణించును.

ఈ జాతి ఈగలు పుప్పొడిని ఒంటికి అంటిన ధూళివలె తెలియక తెచ్చునవి కావు. వాని రొమ్మునకు ఇరుప్రక్కల చిన్న సంచులవంటి గుంటలు కలవు. పుట్టినకాయ విడుచుటకు ముందు కాళ్లతో పుప్పొడిని తీసి వానిలో నింపుకొని, క్రొత్తకాయలో చేరినపిదప కాళ్లతోనే తీసి పూవులపై వేయును. మేడికి దగ్గఱి చుట్టమైన ఆఫ్రికా జాతి చెట్టులో ఈ పనిని గలీల్, ఐసికోవిచ్ అను ఇశ్రాయేలు శాస్త్రజ్ఞులు 1969లో వర్ణించిరి.

ఈగ గ్రుడ్లు పెట్టిన పూవులు విత్తనములు కాజాలవు. అయినచో అన్ని పూవులలోను గ్రుడ్లు పెట్టి చెట్టును నిర్వంశము చేయదా యని మీరడుగవచ్చును. మేడికాయలో కొన్ని పూవుల కాడలు పొట్టివి, కొన్నింటివి పొడవైనవి. పొట్టికాడ పూవుల అండాశయములు ఈగకు సులభముగా అందును. పొడవుకాడ పూవులవి ప్రధానముగా విత్తనములగును. ఇట్లు ఒకే కాయలో సగపాలు పురుగునకును సగపాలు చెట్టునకును అన్నట్లు పంపకము జరుగుచున్నది. చెట్టు తన విత్తనములలో కొన్నింటిని కూలిగా ఇచ్చి, మిగిలినవానిని దక్కించుకొనుచున్నది.

కొన్ని వారములు గడచిన తరువాత ఈగపిల్లలు పెద్దవగును. ముందుగా మగవి బయటపడును. వానికి రెక్కలు లేవు. అవి ఆ చీకటింట పుట్టి, ఆడువానితో జతగూడి, కాయగోడను తొలిచి దారి చేయును. ఆ దారి చేయుటే వాని కడపటి పని. సరిగా ఆ సమయమునకే మగపూవులు పక్వమై పుప్పొడి సిద్ధమగును. ఆడు ఈగలు దానిని సంచులలో నింపుకొని, మగవి త్రవ్విన దారిని బయటికి ఎగిరిపోవును. వానికి ఆయుస్సు ఒకటి రెండు దినములు మాత్రమే. ఆలోగా లేతకాయలున్న మఱియొక మేడిచెట్టును కనుగొనవలెను. ఒక చెట్టుపై కాయలన్నియు ఇంచుమించు ఒకే యీడున నుండుటచేత, పుట్టినచెట్టు వానికి సాధారణముగా పనికిరాదు.

కాబట్టి పండును చీల్చినపుడు మనము చూచు నల్లని చిన్న పురుగులు పండు చెడుటవలన పుట్టినవి కావు. అవి లేనిచో ఆ పండులో మొలకెత్తగల విత్తనమే లేదు. నేలరాలి క్రుళ్లిన పండ్లలో వేఱు ఈగల పురుగులు చేరుట కలదు, అది వేఱు సంగతి.

బెంగుళూరులోని పరిశోధన

ఈ విషయములను మన దేశములో ఓర్పుతో పరిశోధించినవారిలో ముఖ్యులు ఆచార్య రెనీ బోర్జెస్ గారు. వీరు బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో జీవావరణ శాస్త్ర కేంద్రమున పనిచేసిన విదుషీమణి. జంతువులు తమ పరిసరములలో ఏల అట్లు ప్రవర్తించునో తెలిసికొనుటయే వీరి శాస్త్రము. పడమటి కనుమలలోని పెద్ద యుడుత చెట్లనుండి ఆహారమును ఎట్లు ఎన్నుకొనునో పరిశీలించి వ్రాసిన గ్రంథమునకు 1989లో అమెరికాలోని మయామీ విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టము పొందిరి. పిమ్మట వారి దృష్టి మేడిచెట్టువైపు మఱలినది. ఏ దూరదేశపు అపురూప వృక్షమో కాదు, మన వాగులయొడ్డున పెరుగు మేడినే వారును వారి శిష్యులును సంవత్సరముల తరబడి పరిశీలించిరి.

వారు కనుగొన్నదేమనగా, మేడికాయ ఒక యిల్లు కాదు, ఒక ఊరు. అచ్చట పుప్పొడి చేర్చు మేడియీగ గాక మఱి 6 జాతుల పరాన్నభుక్కులగు ఈగలు కలవు. ఇవి లోపల దూరవు. కాయ వెలుపల కూర్చుండి, తమ తోకవంటి పొడవైన సూదిని కాయగోడలో గ్రుచ్చి గ్రుడ్లు పెట్టును. కొన్ని పూవులను ఆక్రమించుకొనును, కొన్ని ఇతర ఈగల పిల్లలను తిని పెరుగును. ఇవి చెట్టునకు పుప్పొడి నీయవు, అద్దెయు చెల్లింపవు. ఈ యేడు జాతులును కాయ యెదుగుటలో వేఱువేఱు సమయములలో వచ్చునని ఘరా, బోర్జెస్ గార్లు 2010లో తెలిపిరి.

ఆ సూది సంగతియే ఒక యాశ్చర్యము. అది మన తలవెండ్రుక కంటె సన్ననిది. అయినను గట్టి పచ్చికాయను తొలిచికొని పోవును. అదే సంస్థలోని ఇంజనీర్లు కుందనాటి, గుండయ్య గార్లు దానిని పరీక్షించి, సూదికొనయందు రంపపుపండ్లవంటి పండ్లు కలవనియు, ఆ కొనలో తుత్తునాగము, అనగా జింకు, చేరియుండుటచే అది గట్టిపడినదనియు 2014లో ప్రకటించిరి. వడ్రంగి తన తమరు కొనకు ఉక్కు పెట్టుకొనునట్లు, ఈ పురుగు కొనకు లోహము కలదు.

మేడికొమ్మలపై ఆకులను కలిపి గూడుకట్టు ఎఱ్ఱచీమలను మీరు చూచి, వానిచే కుట్టబడియు నుందురు. అవి ఊరక తిరుగునవి కావు. అవి మేడియీగలను వేటాడును. పరాన్నభుక్కులగు ఈగలు కాయపై చాలసేపు కూర్చుండి సూది గ్రుచ్చుచుండుటచే చీమల నోట పడుట సులభము. వేటాడు చీమలును, తీపిరసము విడుచు చిన్న పురుగులను పసులవలె కాచుకొను చీమలును మేడికాయ వాసనకు, ఈగల వాసనకు ఒకే విధముగా స్పందింపవని రంగనాథన్, బోర్జెస్ గార్లు 2009లో నిరూపించిరి. మన కంటికి చీమలన్నియు ఒక్కటే. వానికి మాత్రము ఎవరి వాసన వారిదే, ఎవరి పని వారిదే.

ఇంకను సూక్ష్మమైన వారు కలరు. కంటికి కనబడని నులిపురుగులు మేడియీగపై నెక్కి, గుఱ్ఱపుబండిలో ప్రయాణము చేయువానివలె ఒక కాయనుండి మఱియొక కాయకు పోవును. అవి దొరికిన బండినెల్ల ఎక్కవనియు, తమకు తగినదానిని ఎంచుకొనుననియు బోర్జెస్ గారును వారి శిష్యులును 2010లో వ్రాసిరి.

పరిశుద్ధ గ్రంథములోని మేడిచెట్టు

మన తెలుగు పరిశుద్ధ గ్రంథములో మేడిచెట్టు రెండు ప్రసిద్ధ స్థలములలో కనబడును. ఆమోసు ప్రవక్త కాకమునుపు పశువులను మేపుచు మేడిపండ్ల పని చేసికొని బ్రదికినవాడు. పొట్టివాడగు జక్కయ్య యెరికోలో ఎక్కినది మేడిచెట్టే. అది మన మేడి కాదు, దానికి దగ్గఱి బంధువైన సికమోర్ అను జాతి.

ఆ జాతికి తగిన ఈగ తూర్పు ఆఫ్రికాలో కలదుగాని, పాలస్తీనాలోను ఐగుప్తులోను లేదు. అందుచేత అచ్చట చెట్టు కాయ కాచునేగాని, విత్తనము ఏర్పడదు. అచ్చటి ప్రజలు కొమ్మలు నాటి ఆ చెట్టును పెంచిరి. కాయలు చక్కగా పండుటకు పూర్వకాలమునుండి ఒక యుపాయము చేసిరి. కాయ లేతగా నున్నప్పుడు కత్తితో దానిపై చిన్న గాటు పెట్టుదురు. గాయమైన కాయనుండి ఇథిలీన్ అను వాయువు పుట్టును. ఆ వాయువుచే కాయ కొలది దినములలోనే ఉబ్బి మెత్తబడి తినదగినదగును. మామిడికాయలు మాగుటకు కారణమైన వాయువు ఇదియే. ఆమోసు చేసిన పనిని తెలుపు హెబ్రీమాటకు కాయలను గీయుట యను అర్థము కలదని పండితులు చెప్పుదురు. ఈ ప్రాచీన పద్ధతిని గలీల్ గారు 1968లో శాస్త్రీయముగా వివరించిరి. ఒక చిన్న యీగ లేని దేశములో మనుష్యుడు కత్తి పట్టుకొని ప్రతి కాయయొద్దకును పోవలసివచ్చెను. అంత శ్రమపడినను పండునే పొందెను, విత్తును పొందలేకపోయెను.

పండు ఎవరికొఱకు?

ఈగలు వెడలిపోయిన తరువాత కాయ తన వేషము మార్చును. పచ్చనిది ఎఱ్ఱబడును, గట్టిది మెత్తబడును, రుచిలేనిది తీయబడును. అంతవఱకు ఈగను పిలిచిన చెట్టు ఇప్పుడు పక్షులను, ఉడుతలను, కోతులను, గబ్బిలములను పిలుచును. ఇవి పండుతోగూడ సన్నని విత్తులను మ్రింగి, దూరమునకు పోయి రెట్టతో విడుచును. విత్తు చెడదు. నీడలేని క్రొత్తచోట మొలకెత్తును. పాతగోడల పగుళ్లలో రావిమొక్క మొలచుట, తాటిచెట్టు నెత్తిన మఱ్ఱి మొలచుట ఈ విధముననే.

పండు విడుచు వాసన పగలొక తీరుగను రాత్రి యొక తీరుగను ఉండునని బోర్జెస్ గారు ఫ్రెంచి శాస్త్రజ్ఞులతో కలిసి పరిశీలించిరి. పగటివేళ పక్షి కంటితో వెదకును. రాత్రివేళ గబ్బిలము ముక్కుతో వెదకును. వచ్చు అతిథినిబట్టి పిలుపు మార్చుట గృహస్థులకు తెలిసిన మర్యాదయే కదా.

ఇంకొక సంగతి గమనింపదగినది. మామిడి ఒక ఋతువులోనే కాచును. మేడిచెట్లు అట్లు గాక, ఒకటి ఈ నెలలో, మఱియొకటి ఆ నెలలో కాచుచుండును. ఇతర ఫలములు దొరకని ఎండకాలములోను ఎచ్చటనో ఒక మేడియో మఱ్ఱియో పండి యుండును. అందుచేత ఆకలిగొన్న ప్రాణులకు ఈ చెట్లే అన్నసత్రములు. ఒక్క మేడిచెట్టు పోయినయెడల చెట్టొకటి పోయినట్లు కాదు, సత్రమొకటి మూతపడినట్లు.

ఒంటిచెట్టు

ఇచ్చట మా తప్పిదమొకటి చెప్పవలసియున్నది. మా యింటి వెనుక కాలువగట్టున ఒక మేడిచెట్టుండెను. పండ్లు రాలి వాకిలి పాడగుచున్నదనియు, ఈగలు ముసరుచున్నవనియు, దాని నీడలో పామున్నదనియు ఇంటివారు మొఱపెట్టగా, బాలుడు ప్రశ్న వేయుటకు రెండేండ్లు ముందు దానిని మేమే కొట్టించితిమి. కట్టెలు వంటకు వచ్చెను. ఒక పీడ వదలినదని సంతోషించితిమి. బాలునికి సమాధానము చెప్పుటకు ఒక మేడికాయ కావలసివచ్చినపుడు, వీధులన్నియు తిరిగినను దొరకలేదు. ఒక శనివారము ఉదయము మేమును ఆ బాలుడును మఱి నలుగురు విద్యార్థులును ఊరి వెలుపల వాగుగట్టు పట్టుకొని చాలదూరము నడచిన తరువాత గాని ఒక చెట్టు కనబడలేదు.

అప్పుడు మాకు తట్టిన దేమనగా, మాకు నడచుటకు కాళ్లున్నవి, దినమంతయు కాలమున్నది. మేడియీగకు ఆయుస్సే ఒకటి రెండు దినములు. ఒక చెట్టునకును మఱియొక చెట్టునకును నడుమ ఎడము పెరిగినకొలది, అది దారిలోనే చచ్చుట యెక్కువగును. ఈగ చేరని చెట్టు ఎంత పచ్చగా నున్నను సంతానము లేనిదే. ఈగకును ఆ చెట్టు తప్ప వేఱు ఇల్లు లేదు. ఒకరు పోయినచో రెండవవారును పోవుదురు.

అయితే నిరాశకు కారణము లేదు. ఈ చిన్న ప్రాణి గాలిని వాహనముగా చేసికొనును. ఆఫ్రికాలో నమీబియా ఎడారి దేశమున సికమోర్ జాతి చెట్లనుగూర్చి పరిశోధించిన శాస్త్రజ్ఞులు, ఈగలు గాలివాటున పోయి 160 కిలోమీటర్ల దూరమునగల చెట్లకు పుప్పొడి చేర్చినవని 2009లో ప్రకటించిరి. 2 మిల్లీమీటర్ల ప్రాణి 160 కిలోమీటర్లు పోవుట! అది మన గూడూరునుండి చెన్నపట్టణమును దాటిపోవునంతటి దూరము. కావున మనము ఇచ్చట నాటిన ఒక మేడి, ఎన్నడును చూడని యేదో ఒక దూరపు మేడికి తోడు కావచ్చును.

మన కొండలలో

ఇట్టి స్నేహములు మేడియందే కాదు. తిరుపతి జిల్లాలోని శేషాచలపు కొండలలో పెరుగు ఎఱ్ఱచందనమును తీసికొనుడు. ఆ చెట్టు సహజముగా పెరుగునది తూర్పు కనుమల దక్షిణ భాగములోనే. దాని దుంగలనుగూర్చి, దొంగతనములనుగూర్చి పత్రికలలో చదువుచుందుము. దాని పూవులనుగూర్చి మనలో ఎందఱికి తెలియును? విశాఖపట్టణములోని ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు చెందిన పూర్ణచంద్రరావు, సాలమన్ రాజు గార్లు వానిని పరిశీలించి 2002లో ప్రకటించిరి. ఆ చెట్టు ఎండకాలములో పసుపుపచ్చని పూవులు పూయును. పూవులు రాత్రివేళ విచ్చును. పుప్పొడి చేర్చునవి తేనెటీగలు: కొండచఱియలకు పెద్దపట్టు పెట్టు ఈగ, తొఱ్ఱలలో పట్టు పెట్టు ఈగ, పొదకొమ్మకు చిన్నపట్టు పెట్టు ఈగ. ఒక చెట్టు పుప్పొడి మఱియొక చెట్టు పూవునకు చేరినప్పుడే కాపు బాగుగా నిలుచును.

దీనినిబట్టి చూడగా, దుంగలకు కాపలా పెట్టుటతో ఎఱ్ఱచందనపు రక్షణ ముగియదు. తేనెపట్టును పొగబెట్టి కాల్చివేయువాడు, తానెఱుగకయే చందనపుచెట్టు సంతానమును తగ్గించుచున్నాడు. మన నిమ్మతోటల యజమానులును పూతకాలములో మందు చల్లుటకు ముందు ఈ సంగతిని ఒకమాఱు తలపోయుదురుగాక.

ముగింపు

ఆ శనివారము తెచ్చిన కాయలను ఒక గాజుసీసాలో ఉంచి, మూతికి పలుచని గుడ్డ కట్టి, తరగతి గదిలో పెట్టితిమి. మొదట కోసిన కాయ మరీ లేతది, అందు పూవులు తప్ప ఏమియు లేవు. రెండవది మరీ పండినది, అందలి ఈగలు ముందే వెడలిపోయినవి. సోమవారము ఉదయము మూడవకాయకు సన్నని బెజ్జములు పడి, సీసాలోపల నల్లని చిన్న ఈగలు ఎగురుచుండెను. భూతద్దము చేతులు మారెను. ఆ బాలుడు చాలసేపు చూచి, “అయితే, అయ్యా, లోపలికి పోయిన తల్లి మఱల బయటికి రాదా?” అని యడిగెను. రాదని చెప్పితిమి. ఈ మాఱు తరగతిలో ఎవరును నవ్వలేదు. అందఱి యెదుట, “నీవు మొదట అడిగిన దినమున మాకు తెలియలేదు, తెలియదని చెప్పకపోవుట మా తప్పు” అని యొప్పుకొంటిమి.

వేమన పద్యమును మేమిప్పుడును చెప్పుచున్నాము. అందలి నీతి సత్యమే. వేమన పండును విప్పి చూచినవాడు. మేము పద్యమును మాత్రమే చూచినవారము. అది మా లోపముగాని పద్యముయొక్క లోపము కాదు.

విద్యార్థులారా, మీరును ఈ పరీక్ష చేయుడు. ఒకే చెట్టునుండి నెలకు రెండుసారులు ఒక్కొక్క కాయ కోసి, అడ్డముగా చీల్చి, చూచినది చూచినట్లు తారీఖుతో వ్రాసికొనుడు. ఎఱ్ఱచీమలున్న కొమ్మను ముట్టకుడు. కాయపాలు కంటిలో పడనీయకుడు. ఏ వాగుగట్టున ఏ చెట్టున్నదో, అది యే నెలలో కాచినదో గుర్తించి తెచ్చినయెడల, మన పాఠశాల గోడపై గూడూరు చుట్టుపట్ల మేడిచెట్ల పటమొకటి వ్రాయింతుము. తల్లిదండ్రులారా, పండ్లు రాలుచున్నవని కాలువగట్టున మేడిని కొట్టింపదలచినప్పుడు ఒక్క దినము ఆగి, పిల్లవానిచేత ఒక కాయను చీల్పించి చూడుడు. మా యింటి వెనుక కొట్టించిన చెట్టు చోటున ఈ వర్షాకాలములో ఒక మేడిమొక్కను నాటితిమి. దానికి ప్రస్తుతము ఏడు ఆకులున్నవి. నిమ్మతోట బాలుడు దానికి నీళ్లు పోయుచున్నాడు.